అమీర్‌పేటలో నేను, పంజాగుట్టలో ఆమె

మా ఇంట్లో ముప్పై రెండేళ్ళుగా తేలని తగాదా ఒకటుంది. పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం సాయంత్రం నేనూ మా ఆవిడా అమీర్‌పేట స్టాపులో బస్సెక్కబోయాం. అప్పుడైనా ఇప్పుడైనా మా ఊరి సిటీ బస్సుల్లో ముందు తలుపు ఆడవాళ్ళది, వెనక తలుపు మగవాళ్ళది. మొగుడూ పెళ్ళాలైనా సరే, స్టాపులో కలిసి నిలబడి, బస్సు రాగానే చెరో తలుపుకి పరిగెత్తి, దిగాక మళ్ళీ కలుసుకోవాలి. ఆమె ముందు నుంచి ఎక్కేసింది. వెనక ఫుట్‌బోర్డు మీద అప్పటికే ఏడెనిమిది మంది వేలాడుతున్నారు. నా చేతికి కడ్డీ అందేలోపే బస్సు కదిలిపోయింది.

ఆమె తర్వాతి స్టాపు పంజాగుట్టలో దిగి నా కోసం ఎదురుచూసింది. నేను అమీర్‌పేటలోనే ఆమె కోసం ఎదురుచూశాను. మధ్య దూరం నడిస్తే ఇరవై నిమిషాలు. అలా గంటన్నర గడిచింది. అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు. చివరికి ఆమే నడుచుకుంటూ వెనక్కి వచ్చింది. వస్తూనే అన్న మాట ఇది:

"నీకు కాళ్ళు లెవ్వా?"

స్టాపులో అందరి ముందూ అంది. జామకాయలు అమ్ముకునే మనిషి నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇవాళ్టికీ గుర్తుంది. అతని చొక్కా రంగు అడిగినా చెబుతాను.

నా వాదన ఒకటే. వస్తువు ఎక్కడ పోయిందో అక్కడే వెతుకుతాం. మనిషైనా అంతే. విడిపోయిన చోటికే ఇద్దరూ రావాలి. ఆమె వాదన వేరు. "బస్సు ఎనకకు పోతదా? ముందు పోయినోళ్ళు దిగి ఆగాలె. ఎనకున్నోళ్ళు రావాలె. గింత దానికి చదువు కావాల్నా?" అంటుంది. ఆమె బోరబండలో పుట్టి పెరిగిన మనిషి. నేను కోస్తా నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి ఎస్.ఆర్. నగర్‌లో గది తీసుకున్నవాణ్ణి. ఒకే ఆఫీసులో పనిచేశాం, పెళ్ళి చేసుకున్నాం. నన్ను నువ్వు అనే పిలుస్తుంది. మా వాళ్ళు దానికి ఏళ్ళ తరబడి మొహం మాడ్చుకున్నారు. నేను మాడ్చుకున్నది ఆ కాళ్ళు లేవా అన్న మాటకి.

ఆ గొడవలో మేం ఒప్పుకున్నది ఒక్కటే. ఆ తర్వాత ఎప్పుడు బస్సెక్కినా నేను వెనక నుంచి రెండు టికెట్లు పట్టుకుని చెయ్యి పైకెత్తాలి. ఆమె ముందు నుంచి వెనక్కి తిరిగి, మనుషుల తలల మీదుగా ఆ చెయ్యి చూసుకోవాలి. ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సులో టికెట్ అక్కర్లేదు. అయినా నేను చెయ్యి ఎత్తుతూనే ఉన్నాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయినేడాది మేం సింగపూర్ వెళ్ళాం.

నేను రిటైరైన తర్వాత పంజాగుట్టలో ఒక ట్రావెల్స్ వాళ్ళ దగ్గర గ్రూపు టూరుకి పేర్లిచ్చాం. ఆరు రోజులు. అందులో ఐదో రోజు ఖాళీ, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు తిరగొచ్చు అని కాగితంలో రాసి ఉంది. ఆ ఖాళీ రోజు కోసమే నేను ఆ టూరు ఎంచుకున్నాను. మా ఆవిడకి పూలంటే పిచ్చి. అక్కడ ఆర్కిడ్ తోట ఉందని ఎక్కడో చదివింది. గ్రూపు బస్సు ఆ తోట వైపు వెళ్ళదు. మనమే రైల్లో వెళ్ళి చూసొద్దాం అని మాటిచ్చాను.

నాలుగో రోజు సాయంత్రం హోటల్లో టూరు మేనేజరు అందర్నీ కూర్చోబెట్టి రేపు ఎవరెవరు ఏం చేస్తున్నారని అడిగాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు అతనికి. నేను మా సంగతి చెప్పాను.

"రైలు, బస్సు అన్నీ మీరే ఎక్కి పోతరా అంకుల్? వద్దు. గీడ సిస్టమ్ వేరే ఉంటది. రేపు రూమ్‌ల రెస్ట్ తీసుకోండ్రి. సాయంత్రం ఆరింటికి బోటు షికారుకు బస్సు పోతది, దానికి ఫ్రెష్‌గ ఉంటరు."

"నేను నలభై ఏళ్ళు సిటీ బస్సుల్లో తిరిగాను" అన్నాను.

"అందుకే అంటున్న అంకుల్" అన్నాడు.

నలుగురైదుగురు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు. బూడిదరంగు స్వెట్టరు వేసుకుని తిరిగిన ఆయన అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. సింగపూర్ ఎండలో స్వెట్టరు వేసుకున్న మనిషికి నన్ను చూసి నవ్వే హక్కు ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు.

ఆ రాత్రి నేను మ్యాపు తీసి రైలు ఎక్కడ మారాలో, ఏ నంబరు బస్సు ఎక్కాలో కాగితం మీద రాసుకున్నాను. అక్కడి సిమ్ ఒక్కటే తీసుకున్నాం, అది నా ఫోన్లో ఉంది. ఇద్దరం ఒకచోటే ఉంటాం కదా అనుకున్నాం. హోటల్ అడ్రసు కార్డు, నా బీపీ మాత్రలు, మంచినీళ్ళు, ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన సకినాల డబ్బా ఆమె సంచీలో ఉన్నాయి.

పొద్దున అంతా బాగా జరిగింది. రైలు వచ్చినప్పుడు మాత్రం ఆమె చకచకా ప్లాట్‌ఫామ్ చివరికి నడిచింది. నేను ఈ పక్క తలుపు దగ్గరే నిలబడ్డాను. మా మెట్రోలో ఆడవాళ్ళ పెట్టె చివర్లో ఉంటుంది కనుక ఆమె కాళ్ళు వాటంతటవే అటు పోయాయి. నేను పిలిచేసరికి నవ్వుకుంటూ వెనక్కి వచ్చింది.

"గీడ అందరు కలిసే కూసుంటరా?"

"కలిసే."

"మంచిగుంది" అని నా పక్కన కూర్చుంది. రెండు స్టేషన్లు దాటాక సకినాల డబ్బా తీసింది. ఎదుటి గోడ మీద తినకూడదన్న బొమ్మ ఉంది. మూత మళ్ళీ పెట్టేసి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసింది.

తోటలో మూడు గంటలు ఉన్నాం. ఆమె ఒక్కో ఆర్కిడ్ ముందూ ఆగి, వంగి, కింద రాసిన పేరు చదివి, పేరు నచ్చకపోతే తనే వేరే పేరు పెట్టేది. ఊదారంగు మచ్చల పువ్వు ఒకదానికి మా పక్కింటావిడ పేరు పెట్టింది, ఎప్పుడూ మూతి ముడుచుకుని ఉంటుందని. ఆమె అంత తీరుబడిగా ఒకచోట నిలబడటం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. ఆఫీసు, వంట, మళ్ళీ ఆఫీసు. నిలబడితే బస్సు కోసమే నిలబడేది.

మధ్యాహ్నం తోట బయట బస్సు స్టాపుకి వచ్చాం. నా కాగితంలో ఉన్న నంబరు బస్సు సముద్రం వైపు వెళుతుంది. ఎండ, ఉక్క, కాళ్ళ నొప్పులు. రెండంతస్తుల బస్సు వచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను, ఆగింది. ఆమె ముందు తలుపు వైపు వెళ్ళింది. నేను వెనక తలుపు వైపు వెళ్ళాను.

ఎందుకు వెళ్ళానని అడక్కండి. ముందు నుంచి ఎక్కాలి, వెనక నుంచి దిగాలి అని నా కాగితంలో నా చేతిరాతతోనే ఉంది. నలభై ఏళ్ళుగా బస్సు ఆగగానే వెనక్కి పరిగెత్తిన కాళ్ళు కాగితం చదవవు. వెనక తలుపులోంచి దిగేవాళ్ళు దిగుతున్నారు. వాళ్ళు దిగేదాకా పక్కకు ఒదిగి నిలబడ్డాను. చివరి మనిషి దిగగానే కాలెత్తాను. తలుపు మూసుకుంది. అద్దం మీద తట్టాను. ముందు తలుపుకి పరిగెత్తాను. అదీ మూసుకుంది. డ్రైవరు నన్ను చూశాడో లేదో. బస్సు వెళ్ళిపోయింది.

లోపల ఆమె ముందు సీట్లో కూర్చుని ఉంటుంది. నేను వెనక ఉన్నాననే అనుకుంటుంది.

ఆమె ఫోను పనిచేయదు. ఆమెకు హోటలు పేరు కార్డు మీద ఉంది కాబట్టి దారి తప్పదని ముందు సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఇంకోలా తోచింది. నేను లేకుండా ఆమె హోటలుకి వెళ్ళదు. ఆ ఊళ్ళో ఎక్కడో ఒకచోట నా కోసం నిలబడుతుంది. ఎక్కడన్నదే ప్రశ్న. దానికి జవాబు ముప్పై రెండేళ్ళుగా నాకు తెలుసు. తెలిసి కూడా నేను స్టాపు బెంచీ మీద కూర్చున్నాను. విడిపోయిన చోటికే రావాలి. అది నా మాట.

పది నిమిషాల్లో అదే నంబరు బస్సు ఇంకొకటి వచ్చింది. ఆగింది. నేను లేవలేదు. అది వెళ్ళిపోయింది.

పక్కన కూరగాయల సంచీ ఉన్న చిన్న చక్రాల బండితో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చీనావాళ్ళ మనిషి. మొదటినుంచీ చూస్తున్నట్టుంది. ఇంగ్లిషులో అడిగింది.

"ముందు బస్సులో వెళ్ళింది నీ భార్యేనా?"

"అవును."

"మరి ఈ బస్సు ఎందుకు వదిలేశావు?"

"ఆమె ఇక్కడికి తిరిగి వస్తుంది."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "తర్వాతి స్టాపులో దిగి నిలబడి ఉంటుంది. నేనైనా అదే చేస్తాను. వెళ్ళు" అంది. అంతలో తన బస్సు వస్తే బండి లాక్కుంటూ ఎక్కేసింది. ఎక్కుతూ కూడా నా వైపు చెయ్యి ఊపి ముందుకు చూపించింది. పరాయి దేశంలో, ముక్కూ మొహం తెలియని మనిషి కూడా మా ఆవిడ పక్షమే.

ఒక్కణ్ణే కూర్చున్నాక పంజాగుట్ట సంగతి గుర్తొచ్చింది. నేను ఇక్కడిదాకా చెప్పనిది అదే.

ఆ రోజు పంజాగుట్టలో ఏం జరిగిందో ఆమె నాకు పదేళ్ళ తర్వాత చెప్పింది. చిక్కుడుకాయలు ఒలుస్తూ, తలెత్తకుండా చెప్పింది. స్టాపులో ఆమె ఒక్కతే నిలబడి ఉంటే ఒకడు పక్కన చేరాడట. ఎంతసేపు నిలబడతావ్, ఎవరూ రారులే అన్నాడట. ఆమె పక్కనే మందుల షాపులోకి వెళ్ళింది. షాపులో పెద్దాయన వాణ్ణి కేకలేసి తరిమి, ఆమెకు స్టూలు వేశాడు. ఆ స్టూలు మీద కూర్చుని గంటసేపు వచ్చిన ప్రతి బస్సు వెనక తలుపూ చూసింది. "ఒక్కొక్కడు దిగుతుంటె నువ్వేనేమో అనుకున్న. నువ్వు దిగలె" అంది.

అప్పుడు నేనేమన్నానో కూడా నాకు గుర్తుంది. అందుకే నేను చెప్పినట్టు వెనక్కి వచ్చేయాల్సింది అన్నాను. ఆమె చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇతరులు నన్నన్న మాటలు ఏళ్ళ తరబడి దాచుకున్నవాణ్ణి, నేను అన్న ఆ మాటను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

మూడో బస్సు రాగానే ముందు తలుపులోంచి ఎక్కాను. టికెట్ కార్డు మిషనుకి పెట్టాను. డ్రైవరు పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. స్టాపు రాకముందే అద్దంలోంచి వెతకడం మొదలుపెట్టాను.

తర్వాతి స్టాపులో ఎవరూ లేరు.

దిగాను. బెంచీ ఖాళీ. వెనక చెట్లు, ముందు రోడ్డు, అవతలి పక్క ఇలాంటిదే ఇంకో స్టాపు, అదీ ఖాళీ. ఎవరినైనా అడుగుదామంటే మనిషి లేడు. ఆ ఊరు శుభ్రంగా ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు కదా, ఆ క్షణంలో ఆ శుభ్రం మీదే నాకు కోపం వచ్చింది. పంజాగుట్టలో అయితే మందుల షాపు ఉంటుంది, జామకాయల బండి ఉంటుంది, ఎర్ర చీరావిడ ఇటు పోయిందని చెప్పేవాళ్ళు పదిమంది ఉంటారు. ఇక్కడ అడగడానికి ఎవరున్నారు? ఆమె రెండు స్టాపులు దాటి దిగిందా? అసలు నేను లేనని ఇంకా చూసుకోలేదా? ఎవరైనా పక్కన చేరారా? ఫోను తీశాను. ఎవరికి చేయాలి? ఆ మేనేజరు నంబరు ఒక్కటే ఉంది. అప్పుడు నాకు రోషం రాలేదు. చేద్దామనే నంబరు తీశాను.

నొక్కబోతూ ఆగాను. నేను ఎక్కకుండా వదిలేసిన రెండో బస్సు ఆమె చూసి ఉంటుంది. అందులో నేను లేను. ముప్పై రెండేళ్ళ నుంచి నన్ను చూస్తున్న మనిషి, దాంతో ఏమనుకుంటుంది? వీడు కదలడు అనుకుంటుంది. రోడ్డు దాటి, వెనక్కి పోయే బస్సు ఎక్కి ఉంటుంది. నేను ఆ బస్సుకి ఎదురొచ్చి ఉంటాను.

అవతలి స్టాపు బోర్డు మీద వెనక్కి పోయే బస్సు పన్నెండు నిమిషాలని చూపిస్తోంది. పన్నెండు నిమిషాలు నిలబడటం నా వల్ల కాలేదు. నడిచాను. సగం దూరం పరుగే. ఎనిమిది నిమిషాలు పట్టింది. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు ఆ ఆదివారం నడవాల్సిన నడకని ముప్పై రెండేళ్ళు ఆలస్యంగా, వేరే దేశంలో, అదీ తిరుగు దిక్కులో నడిచాను.

తోట బయటి స్టాపులో ఆమె కూర్చుని ఉంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, బస్సు వచ్చే వైపే చూస్తోంది. నేను రెండో వైపు నుంచి వచ్చేసరికి ఉలిక్కిపడింది.

"ఏడికి పోయినవ్? చాయ్ తాగనీకె పోయినవా?"

"నీ కోసం వెళ్ళాను. తర్వాతి స్టాపుకి."

"నువ్వా?"

"నేనే."

"నువ్వు పోయినవా?" అని నవ్వింది. "బస్సెక్కినంక ఎనకకు తిరిగి సూసిన. చెయ్యి లేదు. అప్పుడే తెలిసింది. దిగి నిలబడ్డ. ఒక బస్సొచ్చింది, అందుల లెవ్వు. ఇగ నువ్వు కదలవని సమజైంది. పంజాగుట్టల కూసున్నది సాలు, గీడ గూడ కూసోవాల్నా అని నేనే వచ్చిన. వచ్చి సూస్తె గీడ గూడ లెవ్వు."

"రెండో బస్సు వదిలేశాను. మూడోది ఎక్కాను. ఇక్కడ ఒక పెద్దావిడ ఉంది, ఆవిణ్ణి అడుగు."

"ఏది?"

ఆవిడ ఎప్పుడో వెళ్ళిపోయింది. టికెట్ కార్డులో లెక్క ఉంటుంది, రైలు స్టేషన్లో మిషనుకి పెడితే ఏ బస్సు ఎక్కిందీ కనిపిస్తుంది అన్నాను. జేబులోంచి తీశాను. అప్పటికే ఆమె తన కార్డు కూడా నా చేతిలో పెట్టింది, జాగ్రత్త చేయమని. రెండూ ఒకేలా ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియలేదు.

"సరే తియ్యి. జిద్దు చెయ్యకు" అంది.

జన్మలో ఒక్కసారి నేను నా మాట వదులుకుని ఆమె మాట మీద నడిచాను. ఆ ఒక్కసారికీ సాక్షి లేకుండా పోయింది. గట్టిగా నాలుగు మాటలు అందామనుకున్నాను. అంతలో ఆమె సకినాల డబ్బా మూత తీయబోయింది. అది రాలేదు. సంచీ పట్టీ ఎంత గట్టిగా పట్టుకుందో, అరచేతిలో ఎర్రగా చార పడి ఉంది. నేను డబ్బా తీసుకుని మూత తీశాను.

"ఇక్కడికి ఎనిమిది నిమిషాల నడక" అన్నాను. "ఆ రోజు ఇరవై నిమిషాలు. రావాల్సింది."

ఆమె ఏ రోజు అని అడగలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. "స్టూలు మీద కూసుంటె గా షాపాయన అడిగిండు, మీ ఆయన ఎట్లుంటడమ్మ అని. పొడుగుంటడు, నీలం అంగీ అని చెప్పిన. ప్రతి బస్సుకు ఆయన గూడ బయటికొచ్చి సూసిండు పాపం" అంది. ఇది నాకు ఎప్పుడూ చెప్పలేదు. నీలం చొక్కా. జామకాయల వాడి చొక్కా రంగు గుర్తుంచుకున్న నాకు నా చొక్కా సంగతి గుర్తు లేదు.

"తిను" అంది. "గోలీ ఏసుకోవాలె. టైమైంది."

స్టాపులో తినకూడదన్న బొమ్మ ఏదీ లేదు. చెరో రెండు సకినాలు తిన్నాం. మళ్ళీ ఆ నంబరు బస్సు వచ్చినప్పుడు ఆమె నా మోచెయ్యి పట్టుకుని ముందు తలుపులోంచి ఎక్కించింది. మెట్లెక్కి పైఅంతస్తులో అన్నిటికంటే ముందు సీట్లో కూర్చున్నాం. రోడ్డు మీది చెట్ల కొమ్మలు అద్దానికి తగులుతున్నట్టు వస్తున్నాయి. ఇన్నేళ్ళలో బస్సులో పక్కపక్కన కూర్చోవడం అదే మొదలేమో అని నేనన్నాను. "మాట్లాడకు, సూడనియ్యి" అంది. సముద్రం దాకా మోచెయ్యి వదల్లేదు.

ఆరింటికి పది నిమిషాల ముందే హోటలు చేరాం. బోటు షికారు బస్సు దగ్గర మేనేజరు తలలు లెక్కపెడుతున్నాడు. మమ్మల్ని చూసి, "మంచి పని చేసిండ్రు అంకుల్, రూమ్‌లనే ఉన్నరు గద? ఫ్రెష్‌గ ఉన్నరు" అన్నాడు. నేను నోరు తెరిచాను. మా ఆవిడ నా మోచెయ్యి నొక్కింది. నోరు మూసుకున్నాను. బూడిదరంగు స్వెట్టరాయన మాకు సీటు జరిగి ఇచ్చాడు. ఇది కూడా గుర్తుపెట్టుకున్నాను, న్యాయం కోసం.

తిరిగొచ్చాక ఈ కథ ఆమె చాలామందికి చెప్పింది. ఆమె చెప్పే కథలో నేను కదలను. ఎక్కడికో చాయ్ తాగడానికి వెళ్ళొస్తాను. నేను ప్రతిసారీ సరిదిద్దుతాను, విన్నవాళ్ళు ప్రతిసారీ నవ్వుతారు.

మొన్న శ్రీనగర్ కాలనీలో ఎవరింట్లోనో భోజనానికి వెళుతూ అమీర్‌పేట స్టాపులో నిలబడ్డాం. జనం బాగా ఉన్నారు. బస్సు వస్తోంది. ఆమె చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని సిద్ధంగా నిలబడి, నా వైపు చూడకుండానే అంది.

"ఈసారి తప్పిపోతె నువ్వు కదలకు. నేనే ఎనకకు వస్త. నువ్వు ముసలోడివైనవ్."

"నాదే ఒప్పని ఒప్పుకుంటున్నావా?"

"ఏదో ఒకటి."

"ఆ రోజు నేను కదిలాను. ముందు అది ఒప్పుకో."

"సరే సరే, కదిలినవ్" అంది, పసివాడికి చెప్పినట్టు.

ఆ సరే సరే కూడా నేను మర్చిపోను. బస్సు ఆగింది. ఆమె ముందుకు, నేను వెనక్కి. ఎలాగో కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తాను. ముందు నుంచి ఆమె తిరిగి చూసింది. చెయ్యి కనిపించాక కూడా వెంటనే తల తిప్పుకోలేదు. నేనూ పంజాగుట్ట దాటేదాకా దించలేదు.